పాపం, మేలు, మొర: తెలుగు క్రైస్తవ కీర్తనలో అంతస్సంఘర్షణ స్వరూపం

ప్రస్తావన

మంచి ఏదో తెలిసి కూడా మనిషి దానిని ఎందుకు చేయలేకపోతున్నాడు? ఈ ప్రశ్న ఏ ఒక్క మతానికో పరిమితమైనది కాదు. అయితే క్రైస్తవ విశ్వాసి విషయంలో దీనికి ప్రత్యేకమైన తీవ్రత ఉంది. పాపక్షమాపణ పొందానని సంఘం ఎదుట సాక్ష్యం చెప్పినవాడు మరునాడు అదే పాపం వైపు మళ్ళితే, ప్రశ్న అతని ప్రవర్తనతో ఆగదు. అతడు పొందినది రక్షణేనా అన్న సందేహం దాకా వెళుతుంది. క్రైస్తవ గ్రంథపరంపరలో ఈ సంఘర్షణకు మూలపాఠం పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఏడో అధ్యాయంలోని 7వ వచనం నుంచి 25వ వచనం వరకు ఉన్న భాగం. చేయదలచిన మేలు చేయలేకపోవడం, చేయకూడదనుకున్న కీడు చేయడం, తనలో ఒక పరాయి శక్తి కాపురమున్నట్లు గుర్తించడం, చివరికి తనను విడిపించేవారెవరని వాపోవడం ఆ భాగంలోని భావక్రమం.

ఈ భాగంపై పాశ్చాత్య వేదాంతంలో విస్తారమైన చర్చ జరిగింది. తెలుగులో అంతటి వ్యాఖ్యానవాఙ్మయం లేదు. అంతమాత్రాన తెలుగు క్రైస్తవులు ఈ సమస్యను ఆలోచించలేదనుకోవడం పొరపాటు. వారు వ్యాఖ్యానంలో కంటే కీర్తనలో ఎక్కువగా ఆలోచించారు. తెలుగు కీర్తనావళిలోని భక్తితత్త్వాన్ని వేదాంతదృష్టితో పరిశీలించిన ఆర్.ఆర్. సుందరరావు గ్రంథం (1983) కీర్తనను వేదాంతానికి ఆకరంగా స్వీకరించే దారి చూపింది. ఆ దారిలో మరొక అడుగుగా ఈ వ్యాసం ఒక ప్రతిపాదన చేస్తుంది: అంతస్సంఘర్షణ గురించి తెలుగు క్రైస్తవం ఇచ్చిన సమాధానం కీర్తన చెప్పే విషయంలో కంటే కీర్తన రూపంలో స్పష్టంగా ఉంది. పౌలు వేసిన ప్రశ్నను కీర్తన సంబోధనగా మార్చింది. ఆ మార్పు వల్ల కలిగిన లాభం పెద్దది. జరిగిన నష్టమూ చిన్నది కాదు. ఈ రెండింటినీ అంచనా వేయడమే ఇక్కడి ఉద్దేశం.

ఆ ‘నేను’ ఎవరు?

ఏడో అధ్యాయంలో ఉత్తమపురుషలో మాట్లాడుతున్న వ్యక్తి ఎవరన్నదే వ్యాఖ్యాతల మొదటి వివాదం. అగస్టీను తొలినాళ్ళలో ఆ ‘నేను’ కృప పొందని మనిషి అని భావించాడు. పెలేజియస్ అనుయాయులతో వాదం సాగిన దశలో అభిప్రాయం మార్చుకుని, అది విశ్వాసి గొంతే కావచ్చునన్నాడు. 1515, 1516 సంవత్సరాలలో ఈ పత్రికపై ఉపన్యసించిన మార్టిన్ లూథర్ ఈ రెండో అర్థాన్ని బలపరిచాడు. విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ, పాపీ అన్న అతని ప్రసిద్ధ ప్రతిపాదనకు ఈ అధ్యాయం ఆధారమైంది. జాన్ వెస్లీ ఇందుకు భిన్నంగా, 1755 నాటి కొత్త నిబంధన వ్యాఖ్యలో, పౌలు ఇక్కడ ధర్మశాస్త్రం కింద ఉన్న మనిషి పాత్ర వహించి మాట్లాడుతున్నాడని రాశాడు. అంటే ఆ సంఘర్షణ విశ్వాసికి ముందు దశ మాత్రమే. అయితే వెస్లీ విశ్వాసి జీవితంలో పోరాటమే లేదనలేదు. 1763లో విశ్వాసులలో పాపం అనే విషయంపై ప్రచురించిన ప్రసంగంలో పాపం విశ్వాసిలో మిగిలి ఉంటుందనీ, కాని అతన్ని ఏలదనీ వివరించాడు.

ఇరవయ్యో శతాబ్దంలో చర్చ మరో మలుపు తిరిగింది. 1929లో వెర్నర్ క్యూమెల్ ఆ ‘నేను’ను ఆత్మకథగా కాక అలంకారశైలిగా చదవాలని వాదించాడు. 1963లో క్రిస్టర్ స్టెండాల్ ప్రచురించిన వ్యాసం ఇంకా ముందుకు వెళ్ళి, తనను తాను తవ్వుకుని నేరం వెతుక్కునే అంతర్ముఖ మనస్సాక్షి పౌలుది కాదనీ, అగస్టీను, లూథర్‌ల ద్వారా పాశ్చాత్య ప్రపంచం దాన్ని పౌలుకు అంటగట్టిందనీ చెప్పింది.

ఈ భేదాలు తెలుగు నేలకు దూరపు వాదాలు కావు. 1840లో నెల్లూరులో బాప్టిస్టు మిషను పని మొదలైంది. 1842లో గుంటూరులో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ లూథరన్ మిషనుకు పునాది వేశాడు. పందొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో వెస్లియన్ మెథడిస్టులు నిజాం రాజ్యంలో అడుగుపెట్టారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మాణమై 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ మహాదేవాలయం ఆ కృషికి గుర్తు. ఒక్క పాఠాన్ని వేర్వేరుగా చదివిన వేదాంత సంప్రదాయాలు ఇలా తెలుగు జిల్లాలను పంచుకున్నాయి.

ఆ పంపకం నేడు చెరిగిపోతున్న ప్రాంతాలలో తెల్లాపూర్ ఒకటి. పూర్వం మెదక్ జిల్లాలో ఉండి, 2016 తర్వాత సంగారెడ్డి జిల్లాలో చేరిన ఈ ప్రాంతానికి స్థానికంగా ఉన్నది మెథడిస్టు వారసత్వం. పక్కనే రామచంద్రాపురంలో 1960లలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వచ్చింది. తర్వాతి దశాబ్దాలలో గచ్చిబౌలి నుంచి సాఫ్ట్‌వేర్ కార్యాలయాల నడవ విస్తరించింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలతో పాటు గుంటూరు లూథరన్ సంప్రదాయమూ, నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సంప్రదాయమూ ఇటువైపు చేరాయి. ఇలాంటి చోట ఒకే వరుసలో కూర్చున్న ముగ్గురు రోమా పత్రిక ఏడో అధ్యాయాన్ని మూడు విధాలుగా నేర్చుకుని ఉండవచ్చు. కాని వారు తెరిచే పుస్తకం ఒక్కటే: శాఖాభేదం లేకుండా తెలుగు సంఘాలు పాడుకునే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. సిద్ధాంతంలో వేరుపడినవారు పాటలో ఎలా కలిశారన్నది పరిశీలించదగిన ప్రశ్న. దానికి ముందు ఆ పాఠం తెలుగులోకి వచ్చిన తీరును గమనించాలి.

అనువాదంలో మాటల సర్దుబాటు

బెంజమిన్ షుల్జ్ పద్దెనిమిదో శతాబ్దం తొలి భాగంలోనే బైబిలును తెలుగు చేసినా అది అచ్చు కాలేదు. అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో ఆనందరాయర్ సహాయంతో చేసిన సువార్తల అనువాదం 1812లో శ్రీరామపురంలో ముద్రితమైంది. అక్కడి నుంచి పలు సవరణలు పొంది, నేడు సంఘాలలో ఎక్కువగా వాడుకలో ఉన్న పాత అనువాదం ఏర్పడింది. రోమా పత్రిక ఏడో అధ్యాయాన్ని ఆ అనువాదంలో గ్రీకు మూలంతో పోల్చి చూస్తే మూడు విషయాలు కనిపిస్తాయి.

మొదటిది, రెండు మాటలు ఒకటి కావడం. పౌలు ‘సార్క్స్’, ‘సోమా’ అనే రెండు మాటలు వాడాడు. సోమా అంటే దేహం. సార్క్స్‌కు మాంసం అన్నది మొదటి అర్థమే అయినా, పౌలు వాడుకలో అది దేవునికి ఎడమై తన మీదే ఆధారపడి బతికే మానవస్థితికి పేరు. అసూయ, కక్ష, వర్గభేదం వంటి దేహంతో నేరుగా సంబంధం లేని దోషాలను కూడా అతడు గలతీ పత్రికలో సార్క్స్ కార్యాలలోనే చేర్చాడు. తెలుగులో రెండింటికీ ‘శరీరము’ అన్న మాటే వచ్చింది. పద్దెనిమిదో వచనంలో మేలు నివసించని చోటు శరీరమే; ఇరవై నాలుగో వచనంలో విడుదల కోరేదీ శరీరం నుంచే. ఫలితంగా తెలుగు పాఠకునికి పాపం దేహంలో ఉందన్న భావం బలపడింది. దేహాన్ని హేయంగా చూసే వైరాగ్యవాక్కు తెలుగులో అంతకుముందే బలంగా ఉండడం దీనికి తోడైంది. కొన్ని ఆధునికానువాదాలు ‘శరీర స్వభావం’ అన్న మాటతో ఈ చిక్కును సడలించే ప్రయత్నం చేశాయి. ఆ ప్రయత్నమే చిక్కు ఉందనడానికి సాక్ష్యం.

రెండోది, ఒక మాట రెండు కావడం. గ్రీకులో ‘నోమోస్’ ఒక్కటే. దేవుడిచ్చిన ఆజ్ఞాసంహితా నోమోసే, అవయవాలలో ఉండి దానితో పోరాడేదీ నోమోసే. ఒకే పేరు గల రెండు శక్తులు ఒక మనిషిలో తలపడడం మూలంలోని బిగువు. తెలుగులో మొదటిది ‘ధర్మశాస్త్రము’, రెండోది ‘నియమము’ అయింది. అర్థం తేట అయింది, బిగువు సడలింది. పైగా ధర్మశాస్త్రం అన్న మాట తెలుగు చెవికి మోషే ఆజ్ఞల కంటే ముందు మనుస్మృతిని గుర్తు చేస్తుంది. వర్ణాచారాన్ని విధించిన గ్రంథజాతికి ఉన్న పేరే దేవుని పరిశుద్ధమైన ఆజ్ఞకూ పేరు కావడంలో ఒక చారిత్రక వైరుధ్యం ఉంది. ఆ గ్రంథాలు తమను ఎక్కడ నిలబెట్టాయో తెలిసిన కుటుంబాలవారు ఈ మాటను ఎలా విని ఉంటారన్నది విడిగా పరిశోధించవలసిన అంశం.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ‘పుణ్యము’ అన్న మాట ఇక్కడ లేకపోవడం. ‘హమార్తియా’కు పాపము అని అనువదించిన తర్వాత దానికి ఎదురుగా పుణ్యము రావడం తెలుగు నుడికారానికి సహజం. పాపపుణ్యాలు తెలుగులో జంటపదం. ఒకటి ఖర్చు, మరొకటి జమ. కాని పంతొమ్మిదో, ఇరవై ఒకటో వచనాలలో ‘అగథోన్’, ‘కలోన్’, ‘కకోన్’ అన్న మూలపదాల చోట అనువాదకులు ‘మేలు’, ‘కీడు’ అన్న అచ్చ తెలుగు మాటలను ఎంచుకున్నారు. పాపము అన్న మాటను మనిషిలో కాపురమున్న శక్తికి విడిచిపెట్టి, మనిషి చేసేదానికి మేలు, కీడు అన్నారు. దీనివల్ల పాపపుణ్యాల పద్దు ఈ అధ్యాయంలోకి చొరబడలేదు. ఇంకొక విశేషం: పుణ్యం మనిషి తనకోసం సంపాదించుకునేది, మేలు మరొకరికి చేసేది. ‘మేలు చేశాడు’ అన్న వాక్యం వినగానే ‘ఎవరికి?’ అన్న ప్రశ్న పుడుతుంది. పుణ్యం చేశాడన్నప్పుడు ఆ ప్రశ్న తప్పనిసరి కాదు. అనువాదకులు ఇంత ఆలోచించి ఎంచుకున్నారో లేదో గాని, వారు ఎంచుకున్న మాట మాత్రం సంఘర్షణను మనిషి లోపలే ముగియనీయక, ఎదుటి మనిషి దాకా తెరిచి ఉంచింది. ఈ విషయం తర్వాతి చర్చకు కీలకం.

వీటికి తోడు, ఇరవై నాలుగో వచనంలోని ‘దౌర్భాగ్యుడు’ అన్న మాటను కూడా గమనించాలి. మూలపదానికి కష్టాలపాలైనవాడు, దీనుడు అని అర్థం. దౌర్భాగ్యంలో భాగ్యం ఉంది. భాగ్యంలో రాత, ప్రాప్తం ధ్వనిస్తాయి. తన నేరాన్ని ఒప్పుకుంటున్న మనిషి నోట తన దురదృష్టాన్ని తలచుకునే మాట వినిపించడం తెలుగు పాఠానికే ప్రత్యేకమైన ఛాయ. నేరమా, రాతా అన్న ఊగిసలాట మూలంలో మరో రూపంలో ఉన్నదే. తెలుగు దానికి తనదైన మాట ఇచ్చింది.

తెలుగువారికి ముందే తెలిసిన ప్రశ్న

స్టెండాల్ వాదాన్ని యథాతథంగా స్వీకరిస్తే, తెలుగు క్రైస్తవుని ఆత్మపరిశీలన మిషనరీల ద్వారా వచ్చిన పాశ్చాత్య సరుకు కావాలి. తెలుగు సాహిత్యచరిత్ర ఈ నిర్ణయాన్ని అంగీకరించదు. మూడు ఉదాహరణలు చాలు.

భగవద్గీత మూడో అధ్యాయంలో అర్జునుడు వేసిన ప్రశ్న పౌలు ప్రశ్నకు ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది. ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతాన నెట్టినట్లు, మనిషి పాపం ఎందుకు చేస్తున్నాడని అతడు అడుగుతాడు. కామం, క్రోధం అన్నది కృష్ణుని సమాధానం. ఇంద్రియనిగ్రహం అతడు చూపిన సాధన. ప్రశ్న ఒకటే అయినా దాని తర్వాతి నడక వేరు. గీతలో ప్రశ్న వేసినవాడు శిష్యుడు. అతనికి రోగనిర్ణయమూ, చికిత్సావిధానమూ దొరుకుతాయి. పౌలు తన ప్రశ్నకు సాధన చెప్పడు. మొర పెట్టి, వెంటనే కృతజ్ఞత చెబుతాడు.

పాండవగీతలో దుర్యోధనుని నోట వినిపించే ప్రసిద్ధ శ్లోకం రెండో ఉదాహరణ. ధర్మం తెలిసినా దానిలో ప్రవర్తించలేననీ, అధర్మం తెలిసినా దాని నుంచి మళ్ళలేననీ అతడు ఒప్పుకుంటాడు. తెలివికీ, నడతకూ మధ్య ఎడాన్ని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. కాని హృదయంలో ఉన్న ఒక దైవం ఎలా నియోగిస్తే అలా చేస్తున్నానన్నది అతని ముగింపు. పౌలు కూడా ఇది చేస్తున్నది తాను కాదంటాడు. అయితే తనలో ఉండి చేయిస్తున్నది పాపమంటాడు గాని దైవమనడు. ఈ ఒక్క తేడాతో దుర్యోధనుని వాక్యం సమర్థన అవుతుంది, పౌలు వాక్యం ఫిర్యాదు అవుతుంది. లోపలి నివాసిని దైవమనుకున్నవాడికి విడుదల అక్కర లేదు. దొంగ అని గుర్తించినవాడే కేక వేస్తాడు.

మూడోది తెలుగు భక్తికవుల ఆత్మనింద. ధూర్జటి శతకంలో కవి తన మనసు మీద తానే విరుచుకుపడతాడు. త్యాగరాజు (1767–1847) గౌళరాగంలో కూర్చిన ‘దుడుకుగల’ కృతి ఇంకా దగ్గరి పోలిక. అందులో వాగ్గేయకారుడు చరణం వెంట చరణంగా తన దోషాలను వల్లించి, ఇటువంటి తనను కాపాడేదెవరని అడుగుతాడు. పౌలు ఇరవై నాలుగో వచనపు ప్రశ్న ఇదే. అయితే త్యాగరాజు ప్రశ్నలో వాక్యాంతాన సంబోధన ఉంది. కాపాడేవాడెవరన్న ప్రశ్నను ఆయన కాపాడగలవాడినే అడుగుతున్నాడు. అది సమాచారం కోరే ప్రశ్న కాదు. ప్రశ్న రూపంలో ఉన్న శరణాగతి.

కాబట్టి తెలుగు క్రైస్తవ కవులు కలం పట్టేనాటికే తెలుగులో అంతర్ముఖ మనస్సాక్షికి భాష ఉంది, రూపం ఉంది, రాగతాళాలున్నాయి. పౌలుకు అటువంటి మనస్సాక్షి ఉందా అన్నది కొత్త నిబంధన పండితులు తేల్చుకోవలసిన విషయం. తెలుగు గాయకునికి మాత్రం దాన్ని పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

ప్రశ్న నుంచి సంబోధనకు

ఈ భాషనూ, రూపాన్నీ క్రైస్తవానుభవానికి మలిచినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన ఆయన త్యాగరాజు జీవితపు చివరి దశాబ్దాలకు సమకాలికుడు. శతకం, పద్యం, వచనం, కీర్తన అన్నిటినీ చేపట్టినా తెలుగు సంఘాలలో ఆయన నిలిచినది కీర్తనల వల్లనే.

ఆయన కీర్తనలలో బహుళ ప్రచారం పొందిన ‘త్రాహిమాం క్రీస్తునాథ’ పిలుపునే పరిశీలనకు తీసుకుంటే కీర్తనారూపం చేసిన పని స్పష్టమవుతుంది. త్రాహి అన్నది స్తోత్రవాఙ్మయంలో స్థిరపడిన శరణార్థి పదం. రక్షించమన్న ఆజ్ఞార్థక క్రియ, నన్ను అన్న కర్మ, వెంటనే సంబోధన, పిలుపంతా ఇంతే. పౌలు మొరలో ఇంచుమించు ఈ అంశాలే ఉన్నాయి: విడిపించడం అన్న క్రియ, నన్ను అన్న కర్మ. కాని కర్త చోట ‘ఎవరు’ అన్న ప్రశ్నార్థకం ఉంది. కీర్తన ఆ ప్రశ్నార్థకాన్ని తొలగించి, ఆ చోట క్రీస్తు పేరును సంబోధనగా నిలిపింది. పౌలు ఇరవై అయిదో వచనంలో చేరుకున్న సమాధానాన్ని కీర్తన పల్లవి ఎత్తుగడలోనే స్వీకరించింది. అయినా మొర ఆగలేదు. సమాధానం తెలిసిన తర్వాత కూడా మొర కొనసాగడమే ఇక్కడి విశేషం.

ఇక్కడే రూపం సిద్ధాంతంగా పనిచేస్తుంది. పౌలు రచన పత్రిక. వాదం ముందుకు నడుస్తుంది. ఏడో అధ్యాయపు వేదన తర్వాత ఎనిమిదో అధ్యాయపు విడుదల వస్తుంది, పాఠకుడు వెనక్కు తిరిగి చూడనక్కర లేదు. అందుకే ఏడును దాటి ఎనిమిదికి చేరినవాడే విశ్వాసి అన్న వెస్లీ పఠనానికి పత్రికారూపంలో ఆధారం దొరుకుతుంది. కీర్తన అలా నడవదు. ప్రతి చరణం తర్వాత పల్లవి తిరిగి రావాలి. ఒక చరణంలో గాయకుడు తన దోషం చెప్పుకోవచ్చు, మరొక చరణంలో క్రీస్తు సిలువను తలచి ఊరట పొందవచ్చు. కాని పాట పల్లవికి మళ్ళక తప్పదు. ఊరట పొందినవాడు కూడా తిరిగి త్రాహి అంటాడు. విశ్వాసి జీవితాంతం శరణార్థిగానే ఉంటాడని వాదించి ఒప్పించవలసిన పని కీర్తనకు లేదు. పాడేవాడి చేత ఆ మాట మళ్ళీ మళ్ళీ అనిపించడమే చాలు.

వేర్వేరు మిషనుల వారసులు ఒక కీర్తనావళిలో ఎలా కలిశారన్న ప్రశ్నకు ఇది ఒక సమాధానం. మెథడిస్టు సంఘంలో పెరిగిన విశ్వాసి పరిశుద్ధత వైపు సాగే పురోగతిని గురించి విని ఉండవచ్చు. కాని కీర్తన ఎత్తుకున్నప్పుడు అతడు లూథరన్ పొరుగువానితో పాటే పల్లవికి తిరిగి వస్తాడు. ఇది మెథడిస్టు బోధను కాదనడం కాదు. పాపం విశ్వాసిలో మిగిలే ఉంటుందన్న వెస్లీ ప్రసంగానికి కీర్తన దగ్గరగానే ఉంది. గెలుపోటముల లెక్కను పక్కన పెట్టి, పాడేవాడికీ ప్రభువుకూ మధ్య సంబంధాన్ని ముందుకు తెచ్చినందువల్ల కీర్తన అందరికీ నోరైంది.

సంబోధన వల్ల కలిగిన మరో మేలును కూడా చెప్పుకోవాలి. ఆత్మపరిశీలనకు ఒక ప్రమాదం ఉంది. తన్ను తాను తవ్వుకునే మనిషి ఆ గోతిలోనే చిక్కుకోవచ్చు. తన పాపాన్ని గురించి తనతోనే మాట్లాడుకునేవాడికి అపరాధభావం వ్యసనంగా మారుతుంది. కీర్తనలో ‘నేను’ ఎదుట ఎప్పుడూ ‘నీవు’ ఉన్నాడు. అంతేకాదు, ఆ ‘నేను’ను సంఘమంతా కలిసి పాడుతుంది. ఒక్కడి రహస్యమైన ఓటమి పదిమంది నోట ఒకే మాటగా పలికినప్పుడు, అది ఒంటరి సిగ్గుగా మిగలదు. పౌలు ‘నేను’ ఆత్మకథా, అలంకారమా అన్న క్యూమెల్ ప్రశ్నకు కీర్తనలో విచిత్రమైన సమన్వయం ఉంది. అది పాడే ప్రతి ఒక్కరి ఆత్మకథ. అందువల్లనే ఏ ఒక్కరిదీ కాదు.

మొర మరచిన మాట

లాభం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు నష్టాన్ని కూడా దాచకుండా చెప్పాలి. కీర్తన పాపాన్ని గుర్తుంచుకున్నంతగా మేలును గుర్తుంచుకోలేదు. అనువాదపాఠంలో సంఘర్షణకు రెండు కొనలున్నాయి: తనలో ఉన్న పాపం ఒకటి, చేయలేకపోయిన మేలు రెండోది. పశ్చాత్తాప కీర్తనలలో ప్రధానంగా వినిపించేది మొదటిదే. మనసు చపలత్వం, ఇంద్రియాల లాగుడు, లోకవ్యామోహం, తన అపాత్రత భక్తిసంప్రదాయం నుంచి సహజంగా వచ్చి చేరాయి. ఎవరికి మేలు చేయవలసి ఉండగా చేయలేదన్న ప్రశ్నకు అందులో అంత చోటు దొరకలేదు. శరణాగతి కవిత్వంలో ఇద్దరే ఉంటారు: శరణు కోరేవాడు, ఇచ్చేవాడు. మూడో మనిషి వేదిక మీదికి రావడం కష్టం. పౌలు వాడిన సార్క్స్ తెలుగులో శరీరం కావడం ఈ ఇరుకును పెంచింది. పాపం దేహంలో ఉందనుకున్నప్పుడు పోరాటం ఆహారం, మోహం, వ్యసనం వంటి వాటితోనే జరుగుతుంది. అసూయ, కక్ష, వర్గభేదం చర్చలో వెనకబడతాయి.

పురుషోత్తమ చౌదరికి ఈ మూడో మనిషి తెలియనివాడు కాడు. కీర్తనలు కూర్చిన ఆయనే ‘కులాచార పరీక్ష’ కూడా రాశాడు. కులాచారాన్ని పరీక్షకు పెట్టడమంటే పాపం వ్యక్తి దేహంలోనే కాక ఆచారంలోనూ కాపురముంటుందని ఒప్పుకోవడమే. కాని ఆ విచారణ గ్రంథంలో ఉండిపోయింది. కీర్తన ప్రతి ఆదివారం నోటికి వచ్చింది. ఒకే రచయిత కృషిలో రెండు పాయలుగా ఉన్నవాటిలో సంఘం ఒకదాన్నే కంఠస్థం చేసుకుంది.

ఈ నష్టం ఎంతటిదో గుర్రం జాషువా (1895–1971) కవిత్వం చూపుతుంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అస్పృశ్యతను స్వయంగా అనుభవించిన ఆయన ‘గబ్బిలం’ (1941) కావ్యంలో గుడిలోకి అడుగు పెట్టలేని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలం చేత శివునికి తన గోడు పంపుకుంటాడు. ఇదీ మొరే, ఇందులోనూ ప్రభువున్నాడు, విన్నపం ఉంది. కాని ఇక్కడ మొర పెట్టేవాడు తన పాపాన్ని చెప్పుకోవడం లేదు, తనకు జరిగిన కీడును చెప్పుకుంటున్నాడు. తన బతుకును పూర్వకర్మ ఫలమని చెప్పి నోరు మూయించే సిద్ధాంతాన్ని అతడు నిలదీస్తాడు. బాధితుని బాధకు కారణం బాధితునిలోనే వెతికే పద్ధతిని జాషువా తిరస్కరించాడు. ఆ తిరస్కారం కర్మసిద్ధాంతానికి ఎంత వర్తిస్తుందో, లోచూపునే ముక్తిమార్గంగా భావించే ఏ బోధకైనా అంతే వర్తిస్తుంది. ఊరి చివరి వాడలలో క్రైస్తవం స్వీకరించిన వేలాది కుటుంబాలకు నీలో ఉన్న పాపాన్ని చూసుకో అన్న బోధ అందింది. ఆ బోధ వారికి ఆత్మగౌరవాన్ని కూడా ఇచ్చిందనడంలో సందేహం లేదు. పాపి అనిపించుకోవాలంటే ముందు దేవుని ఎదుట బాధ్యత గల మనిషిగా గుర్తింపు పొందాలి కదా. కాని వారి మీద జరుగుతున్న పాపానికి పేరు పెట్టే భాష ఆ బోధలో తక్కువ. జాషువా ఆ పేరు పెట్టాడు. తర్వాత ఆయనే ‘క్రీస్తు చరిత్ర’ రాసి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకోవడం గమనిస్తే, సాంఘికమైన కీడు మీది ఫిర్యాదూ, క్రీస్తు మీది భక్తీ ఒక కవిలో విరోధించలేదని తెలుస్తుంది.

రోమా పత్రికలోనే ఈ రెండింటినీ కలిపే దారి ఉంది. ఏడో అధ్యాయంలో ఓడిపోయిన మేలు పన్నెండో అధ్యాయం చివర తిరిగి వస్తుంది. గ్రీకులో అవే అగథోన్, కకోన్. తెలుగులో అవే మేలు, కీడు. ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెట్టమనీ, కీడు చేత ఓడిపోక మేలుతోనే కీడును గెలవమనీ అక్కడి బోధ. ఏడో అధ్యాయంలో రణరంగం మనిషి అవయవాలు. పన్నెండో అధ్యాయంలో అది ఎదుటివాడి విస్తరి. లోపలి పోరాటం ఎలా ముగిసిందో తెలుసుకోవడానికి బయటి విస్తరినే చూడాలని పత్రిక నిర్మాణం సూచిస్తుంది. అనువాదకులు పుణ్యం అనకుండా మేలు అన్నందువల్లనే తెలుగు పాఠకునికి ఈ రెండు అధ్యాయాల మధ్య వంతెన మాటలోనే కనబడుతుంది. పుణ్యం అని ఉంటే ఆ వంతెన తెగిపోయేది.

ముగింపు

రోమా పత్రిక ఏడో అధ్యాయంలోని అంతస్సంఘర్షణ తెలుగులోకి మూడు దశలలో వచ్చింది. అనువాదం సార్క్స్, సోమాలను కలిపి, నోమోస్‌ను విడదీసి, పాపపుణ్యాల పద్దును తప్పించి, మేలు కీడుల జంటను నిలిపింది. కీర్తన భక్తిసంప్రదాయపు ఆత్మనిందను స్వీకరించి, పౌలు ప్రశ్నను సంబోధనగా మార్చింది. పల్లవి పునరావృత్తితో విశ్వాసిని నిత్యశరణార్థిగా నిలిపి, వేర్వేరు వేదాంతాల వారికి ఒక్క నోరు ఇచ్చింది. అదే కీర్తన మేలు అన్న రెండో కొనను జారవిడిచింది. కులాచార విమర్శలోనూ, జాషువా కావ్యంలోనూ ఆ కొన విడిగా నిలిచి ఉంది.

తెలుగు క్రైస్తవ సాహిత్యచరిత్రలో కీర్తనను భక్తి కింద, జాషువాను దళితకవిత్వం కింద వేర్వేరు అధ్యాయాలలో పెట్టడం పరిపాటి. పై పరిశీలన ఈ విభజనను పునరాలోచించమంటుంది. అవి రెండు వస్తువులు కావు; ఒకే సంఘర్షణకు రెండు కొనలు. ఈ కలయిక అవసరం పాఠ్యక్రమానికే పరిమితం కాదు. తెల్లాపూర్‌లో లేస్తున్న బహుళ అంతస్తుల భవనాల పక్కనే వాటిని కడుతున్న వలస కూలీల రేకుల షెడ్లున్నాయి. ఆ భవనాలలో నివసించే విశ్వాసి ఆదివారం త్రాహి అని పాడి, తన పాపాన్ని నిజాయితీగానే ఒప్పుకోవచ్చు. కాని అతని చేతి నుంచి జారిపోతున్న మేలు ఎవరికి చెందవలసినదో ఆ పాట అతనికి చెప్పదు. దాని చిరునామా పన్నెండో అధ్యాయంలో ఉంది, గబ్బిలం మోసుకెళ్ళిన విన్నపంలో ఉంది. మొరను వదలకుండానే ఆ చిరునామాను కూడా పలికే కీర్తన కోసం తెలుగు క్రైస్తవ సాహిత్యం ఇంకా చూడవలసే ఉంది.